చదవనిస్తారు, దిద్దనివ్వరు

ఏజెన్సీ డిగ్రీ కాలేజీలకు వచ్చే పెద్దలు ఈమధ్య ఒకే మాట చెప్పి వెళుతున్నారు. "ఇప్పుడు అన్నీ నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఐఐటీ ప్రొఫెసర్ పాఠం మీ హాస్టల్ గదిలోకే వస్తోంది. ఇంకా ఏం తక్కువ?" అని. స్వయం, ఎన్‌పీటీఈఎల్, ఈ-పీజీ పాఠశాల, శోధ్‌గంగ అని పేర్లు వరసగా చదువుతారు. ఆ పేర్లు నిజమే, పాఠాలూ ఉన్నాయి. అయితే 'ఉచితం', 'ఓపెన్' అనే రెండు మాటల్ని వాళ్లు ఒకే గాటన కట్టేస్తున్నారు. ఆ రెంటి తేడా పట్నం కాలేజీలో పెద్దగా ఎవరికీ తగలదు. మన కొండల్లో పాఠం పిల్లవాడి చేతికి అందడమూ అందకపోవడమూ ఆ తేడా మీదే ఆధారపడి ఉంది.

'ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్' అనే పేరు 2002లో పారిస్‌లో యునెస్కో జరిపిన సమావేశంలో పుట్టింది. అంతకు ముందటి ఏడాదే అమెరికాలోని ఎంఐటీ తన కోర్సుల పాఠాలు నెట్‌లో పెడతానని ప్రకటించింది. 2019 నవంబరులో యునెస్కో సభ్యదేశాలు దీని మీద ఒక సిఫార్సును ఆమోదించాయి. మన దేశమూ యునెస్కో సభ్యదేశమే. ఆ సిఫార్సు ప్రకారం ఓపెన్ పాఠం అంటే డబ్బు కట్టకుండా చూడగలిగేదే కాదు. మళ్లీ వాడుకోవచ్చు, మన అవసరానికి తగ్గట్టు మార్చుకోవచ్చు, పదిమందికీ పంచవచ్చు. డేవిడ్ వైలీ అనే అమెరికన్ అధ్యాపకుడు దీన్ని అయిదు హక్కులుగా చెప్పాడు: దగ్గర ఉంచుకోవడం, వాడుకోవడం, దిద్దడం, వేరేదానితో కలపడం, పంచడం. ఉత్తినే చూసే వీలు ఈ అయిదింటిలో ఏదీ కాదు, అది వీటన్నిటికీ ముందే ఉండాల్సింది.

మన మాటల్లో చెప్పాలంటే వండిన అంబలి పోయడం వేరు, చోడి విత్తనం ఇవ్వడం వేరు. అంబలి పోస్తే ఆ పూట గడుస్తుంది. విత్తనం ఇస్తే మన వాలు నేలకు తగ్గట్టు వేసుకుంటాం, దాచుకుంటాం, పక్క ఊరి చుట్టాలకు ఇస్తాం. మన కాలేజీలకు ఇప్పుడు అందుతున్నదాంట్లో ఎక్కువ భాగం అంబలే. దాన్ని చూపించి విత్తనం ఇచ్చామంటున్నారు.

ముందు సిగ్నల్ సంగతి చూద్దాం. సిగ్నల్ కోసం కొండెక్కి, చెట్టు కింద నిలబడి ఫోన్ చూసుకునే పిల్లలు మన్యంలో ఇప్పటికీ ఉన్నారు. అలాంటి చోట గంట వీడియో నెట్‌లో 'ఉచితంగా' ఉండి ఏం లాభం? అదే పాఠాన్ని దించుకుని, పెన్‌డ్రైవ్‌లో వేసి, హాస్టల్లో నలభై మందికీ ఇచ్చుకునే హక్కు ఉంటే లాభం. ఎన్‌పీటీఈఎల్ పాఠాలు, బొంబాయి ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్స్ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉన్నాయి. పేరు చెప్పి, షరతులు పాటించి కాపీ చేసి పంచుకోవచ్చు. స్పోకెన్ ట్యుటోరియల్స్‌లో కొన్ని తెలుగులోనూ ఉన్నాయి, నెట్ లేకుండా నడుపుకునే ఏర్పాటూ ఉంది. కివిక్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో వికీపీడియా మొత్తాన్ని ఒక చిన్న మెమొరీ కార్డులో వేసుకోవచ్చు. ఇది దొంగతనం కాదు, దాన్ని తయారుచేసినవాళ్లే ఇచ్చిన అనుమతి. లాగిన్ అయి అక్కడే చూడాలి, బయటికి తీసుకుపోకూడదు అనే పాఠం మాత్రం టవర్ ఉన్నవాడికే ఓపెన్. లైసెన్సు వకీళ్ల గొడవ అనుకుంటాం గానీ, దాని అవసరం పట్నంలో కంటే టవర్ లేని ఊళ్లోనే ఎక్కువ. మన కాలేజీల్లో ఎంతమంది లెక్చరర్లు పాఠం కింద చిన్న అక్షరాల్లో ఉన్న ఆ లైసెన్సు గుర్తు చదువుతున్నారు? చదివితే, పిల్లల్ని కొండెక్కించే పని చాలావరకు తప్పుతుంది.

దీనికంటే పెద్దది పాఠాన్ని దిద్దే హక్కు.

అమెరికాలో రైస్ యూనివర్సిటీ వాళ్లు 2012 నుంచి ఓపెన్‌స్టాక్స్ పేరుతో డిగ్రీ మొదటి ఏళ్ల పుస్తకాలు తయారుచేస్తున్నారు. భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం, సోషియాలజీ ఉన్నాయి. మంచి పుస్తకాలు, బొమ్మలు బాగుంటాయి. వాటిలో చాలావాటిని పేరు చెబితే చాలు, మార్చి మళ్లీ అచ్చు వేసుకోవచ్చు. మన దగ్గర వాటిని తెలిసిన లెక్చరర్లు ఏం చేస్తున్నారంటే పీడీఎఫ్ దించి, వాట్సాప్ గ్రూపులో పెట్టి, "చదవండి" అంటున్నారు. అమెరికా పిల్లల కోసం రాసిన ఉదాహరణలు, డాలర్ల లెక్కలు, అక్కడి అంగళ్లు, అక్కడి చెట్లు అలాగే మన అమ్మాయి ముందు పడుతున్నాయి. ఇలా చేసే కన్నా పట్నం గైడు కొనిపించినా పెద్ద తేడా ఉండదు.

ఇప్పుడు అర్థశాస్త్రంలో ఒక పాఠం తీసుకోండి. సరుకు అమ్మేవాళ్లు చాలామంది, కొనేవాడు ఒక్కడే అయితే ధర ఎలా నడుస్తుంది అన్నది. ఈ పాఠం చెప్పడానికి మనకు అమెరికా కంపెనీ ఎందుకు? గిరిజన సహకార సంస్థ, అదే జీసీసీ, 1956లో పుట్టింది. అటవీ ఫలసాయాన్ని షెడ్యూల్డు ప్రాంతంలో కొనే గుత్తహక్కును 1979 రెగ్యులేషన్ దానికి కట్టబెట్టింది. షావుకారు మోసం నుంచి కాపాడడానికే ఆ ఏర్పాటు. అయినా ఒక్కడే కొనేవాడు అయ్యాక చింతపండుకీ, కరక్కాయకీ ధర ఎవరు పెడతారు? సంతలో షావుకారు చాటుగా రెండు రూపాయలు ఎక్కువిస్తే అమ్మ ఎవరికి అమ్ముతుంది? తూకం ఎవరిది? అప్పు ఎవరిస్తారు? ఈ ప్రశ్నలకు మన క్లాసులో కూర్చున్న పిల్లల దగ్గర లెక్చరర్ దగ్గర కంటే ఎక్కువ జవాబులు ఉంటాయి. పాఠంలోని సిద్ధాంతం, గ్రాఫు ఉంచి, ఉదాహరణ తీసేసి, జీసీసీ ధరలూ సంత ధరలూ పక్కపక్కన పెట్టి పాఠం మళ్లీ రాయవచ్చు. లైసెన్సు దానికి ఒప్పుకుంటుంది. ఎవరినీ అడగనక్కరలేదు. మొక్కల పునరుత్పత్తి పాఠంలో ఇప్పపువ్వును, జీలుగును పెట్టవచ్చు. ఇప్పచెట్టు ఎప్పుడు ఆకు రాలుస్తుందో, పువ్వు ఏ వేళ రాలుతుందో తెల్లవారకముందే బుట్ట పట్టుకుని ఏరిన పిల్లకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ పిల్లకు కావలసింది తనకు తెలిసిన దానికి బోటనీలో పేరు.

దిద్దనివ్వనివాటి సంగతికి వస్తే, హైమండార్ఫ్ పుస్తకం కన్నా మంచి ఉదాహరణ నాకు కనపడలేదు. ఆదిలాబాద్ గోండుల మధ్య ఉండి, 1940లలో మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం పెట్టించి, గోండిలో వాచకాలు రాయించిన మనిషి ఆయన. కాలిఫోర్నియా యూనివర్సిటీ ప్రెస్ 1982లో వేసిన ఆయన ఇంగ్లీషు పుస్తకం 'ట్రైబ్స్ ఆఫ్ ఇండియా: ద స్ట్రగుల్ ఫర్ సర్వైవల్' నెట్‌లో మొదటి నుంచి చివరి దాకా చదువుకోవచ్చు. మన భూములు ఎలా పోయాయో అందులో ఉంది. మన చదువు గురించీ ఉంది. కానీ చదవడానికి మాత్రమే తెరిచారు. క్లాసు కోసం జిరాక్స్ తీయించి ఇస్తే తప్పు లేదు. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి ప్రెస్సుల వాళ్లు వేసిన కేసులో 2016లో ఢిల్లీ హైకోర్టు బోధన కోసం చేసే కాపీలకు దారి తెరిచింది. అయితే ఉట్నూరులో చదివే గోండు పిల్లవాడు ఆ అధ్యాయాన్ని గోండిలోకో తెలుగులోకో మార్చి పదిమందికీ అందేలా ప్రచురించాలంటే హక్కుదారుల్ని అడగాలి. హైమండార్ఫ్ 1995లో పోయారు. మన చట్టంలో కాపీరైటు రచయిత మరణం తరవాత 60 ఏళ్లు. అంటే 2056 దాకా ఆగాలి. వాళ్ల తాతల గురించి రాసిన పుస్తకమే అది.

పక్కనే గిడుగు రామమూర్తి పంతులు గారిని పెట్టి చూడండి. ఆయన సవర మనిషిని ఇంట్లో ఉంచుకుని సవర భాష నేర్చుకున్నారు. 1931లో సవర వ్యాకరణ గ్రంథం, 1938లో సవర నిఘంటువు వచ్చాయి. ఆయన 1940లో పోయారు. లెక్క ప్రకారం 2001 నుంచి ఆ పని మీద ఎవరికీ కాపీరైటు లేదు. దించుకోవచ్చు, దిద్దవచ్చు, తప్పులు పట్టవచ్చు, ఇప్పుడు సీతంపేటలో మాట్లాడే మాటలు చేర్చి కొత్తగా వేయవచ్చు. పాతికేళ్లుగా ఆ తలుపు బార్లా తెరిచి ఉంది. ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం పేరుతో కాలేజీల్లో ఆయన ఫోటోకి దండ వేస్తాం. ఆ రోజు సభలో సవర మాట వినిపించే కాలేజీలు ఎన్ని? గిడుగును తెలుగువాళ్లు తమవాడని చెప్పుకోవడంలో తప్పు లేదు. సవర విద్యార్థి ఆ నిఘంటువును తెరిచి, "ఈ మాట మా ఊళ్లో ఇలా అనరు" అని పక్కన రాయడం మొదలుపెడితేనే ఆయన పని సాగినట్టు.

ఇక శోధ్‌గంగ. 2009 యూజీసీ నిబంధనల తరవాత దేశంలోని యూనివర్సిటీల పీహెచ్‌డీ గ్రంథాలు అక్కడ చేరుతున్నాయి. కొండరెడ్లు, చెంచులు, కోయలు, బగతలు, లంబాడాలు అని వెతకండి, వరసగా వస్తాయి. మన ఊళ్లకొచ్చి, మన అరుగుల మీద కూర్చుని, మన ముసలివాళ్లను అడిగి రాసుకున్నవి. చాలావరకు ఇంగ్లీషులో ఉన్నాయి. ఆ ఊళ్లకు ఒక్క ప్రతి తిరిగి వచ్చిన దాఖలా అరుదు. ఆ సైటు మీద క్రియేటివ్ కామన్స్ గుర్తు ఉంది, అమ్ముకోకుండా పేరు చెప్పి వాడుకోవచ్చనేది దాని అర్థం. కనుక ఇక్కడ అడ్డం లైసెన్సు కాదు. మన కాలేజీల్లో దాన్ని తెరిచి, "మీ ఊరి గురించి ఇలా రాశారు, నిజమేనా?" అని పిల్లల్ని అడిగేవాళ్లు లేకపోవడం అడ్డం. పరిశోధన గ్రంథాన్ని తప్పుపట్టగలనని మన పిల్లవాడికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మాష్టర్లే.

భాష దగ్గర ఇంకో పీటముడి ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 2021-22 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియం అన్నారు. దాని మీద జరిగిన వాదాలన్నీ తెలుగా ఇంగ్లీషా అని నడిచాయి. మన పిల్లలకు తెలుగు పుస్తక భాషా పరాయిదే. తెలుగు అకాడమీ 1968 నుంచి చేసిన సేవ గొప్పదే. అయినా 'కిరణజన్య సంయోగక్రియ' అనే మాట కువి మాట్లాడే ఇంటి నుంచి వచ్చిన పిల్లకు ఫోటోసింథసిస్ కంటే దగ్గరది ఎలా అవుతుంది? ఇప్పుడు ప్రభుత్వాలు మెషీన్లతో పాఠాల్ని భారతీయ భాషల్లోకి మారుస్తామంటున్నాయి. భారతీయ భాషలు అంటే వాళ్ల లెక్కలో ఎనిమిదో షెడ్యూలులోని 22. అందులో గిరిజన భాషలు సంతాలీ, బోడో మాత్రమే, అవీ 2003లో చేర్చినవి. 2011 జనాభా లెక్కల్లో గోండి మాతృభాష అన్నవాళ్లు 29 లక్షల పైచిలుకు, సంస్కృతం అన్నవాళ్లు పాతిక వేలలోపు. షెడ్యూలులో ఏది ఉందో చెప్పనక్కరలేదు. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషల్లో బడి వాచకాలు వచ్చాయి, సంతోషమే. అవి చిన్న తరగతుల్లోనే ఆగిపోయాయి. డిగ్రీ దాకా వచ్చిన పిల్లవాడి భాషలో ఒక్క పాఠం, కనీసం అయిదు నిమిషాల ఆడియో కూడా లేదు. ఎవరో వచ్చి చేస్తారనీ అనుకోను. దిద్దే హక్కు ఉన్న పాఠాల్ని ఆ భాష వచ్చిన విద్యార్థులే చేయాలి. స్టోరీవీవర్‌లో గోండి పిల్లల కథలు వచ్చింది అలాగే. మూలకథలకు ఓపెన్ లైసెన్సు ఉంది, గోండి వచ్చినవాళ్లు కూర్చుని మార్చారు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, కంప్యూటర్లో ఆ లిపికి చోటు దొరికింది. ఆ లిపిలో డిగ్రీ పాఠం ఒక్కటి రాస్తే అది మొదటిదో, మొదటి కొన్నిట్లో ఒకటో అవుతుంది.

"సిలబస్‌కే టైము లేదు, ఇవన్నీ ఎప్పుడు?" అని లెక్చరర్లు అంటారు. టైము ఉంది, చిత్తుకాగితాల్లోకి పోతోంది. వైలీ 2013లో ఒక మాట అన్నాడు, 'పారేసే అసైన్‌మెంటు' అని. విద్యార్థి రాస్తాడు, మాష్టారు మార్కులు వేస్తారు, ఇద్దరూ దాన్ని మళ్లీ చూడరు. ఆంధ్రప్రదేశ్ డిగ్రీలో కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు అని ఒకటి ఉంది. పిల్లలు సెలవుల్లో ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి సర్వే చేసి రిపోర్టు రాయాలి. మన విద్యార్థులకు ఇంతకంటే మంచి పని ఇంకొకటి దొరకదు. జరుగుతున్నదేమిటి? జిరాక్స్ షాపులో దొరికే పాత రిపోర్టు తెచ్చి, ఊరిపేరు మార్చి, స్పైరల్ బైండింగ్ వేసి ఇస్తున్నారు. అందరూ అని అనను. అవి కాలేజీ బీరువాలో చెదలు పడుతున్నాయి. అదే రిపోర్టులో ఊరి నీటి ఊటలు, పోడు పట్టాల లెక్క, బడి మానేసిన పిల్లలు, అంగన్‌వాడీ దూరం సరిగ్గా రాసి, తెలుగు వికీపీడియాలో ఆ ఊరి పేజీకి పనికొచ్చేది అక్కడ చేర్చి, మిగతాది తరవాతి బ్యాచి అందుకుని సరిచేసేలా దాచితే పదేళ్లలో మండలం మొత్తానికి ఒక పాఠ్యపుస్తకం తయారవుతుంది. అమెరికాలో ప్లిమత్ స్టేట్ యూనివర్సిటీలో రాబిన్ డెరోసా అనే అధ్యాపకురాలు 2015లో పాత అమెరికన్ సాహిత్యం సంకలనాన్ని విద్యార్థుల చేతే చేయించింది. కాపీరైటు తీరిన రచనలే కదా, వాటి కోసం పిల్లలు అంత డబ్బు పోసి పుస్తకం కొనడమెందుకు అన్నది ఆమె ప్రశ్న. పీఠికలు, వివరణలు విద్యార్థులే రాశారు. వాళ్లేం ఆకాశం నుంచి దిగినవాళ్లు కాదు, డిగ్రీ పిల్లలే.

లెక్చరర్లకు ఇంకో మాట. 2018 యూజీసీ నిబంధనల్లో అనువాదానికీ పాయింట్లు ఉన్నాయి, అధ్యాయానికి 3, పుస్తకానికి 8. ఈ-కంటెంట్‌కి వేరేగా ఉన్నాయి. భారతీయ భాషల్లోకి అని రాసి ఉంది. కోయ భారతీయ భాష కాదని ఏ కమిటీ అయినా అంటే అప్పుడు గట్టిగా అడుగుదాం.

ఇంత చెప్పాక రెండో వైపు చూడకపోతే ప్రమాదం. ఓపెన్ అనే మాట వినగానే ఉన్నదంతా తెచ్చి నెట్‌లో పోసే ఉత్సాహం మన యువకుల్లో కనపడుతోంది. ఆగాలి. కేరళ అగస్త్య కొండల్లో 1987లో శాస్త్రవేత్తల వెంట దారి చూపుతూ వెళ్లిన కాణి యువకులు అలసట లేకుండా నడవడానికి ఒక పండు తింటుంటే చూసి, అడిగి తెలుసుకుని, ఆ ఆరోగ్యపచ్చ మొక్క నుంచి 'జీవని' అనే మందు చేశారు. కంపెనీ 10 లక్షల రూపాయల ఫీజు, అమ్మకం మీద 2 శాతం ఇచ్చేలా ఒప్పందమైంది, అందులో సగం కాణి ట్రస్టుకు అన్నారు. దేశమంతా దాన్ని మంచి ఉదాహరణగా చెప్పుకుంది. చెప్పింది ఒకరిద్దరు, అది తెగదంతటిదీ అన్న పేచీ మాత్రం మిగిలింది. అది ఒప్పందం ఉన్నచోట జరిగిన కథ. మన పిల్లవాడు అవ్వ చెప్పిన వేరు మందును ఫోటో తీసి ఓపెన్ లైసెన్సు పెట్టి ఎక్కిస్తే ఒప్పందమూ ఉండదు, తరవాత వెనక్కి తీసుకోవడమూ ఉండదు. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు ఒకసారి ఇస్తే ఇచ్చినట్టే. పర్ధాన్ కీక్రి పట్టుకుని చెప్పే కథ ఒక సగ వాళ్లది, ఎవరు పడితే వాళ్లు, ఎప్పుడు పడితే అప్పుడు చెప్పేది కాదు. దాన్ని రికార్డు చేసే హక్కు ఫోన్ ఉన్నవాడికి ఎలా వచ్చింది? ఆదివాసీ ప్రజల సమాచారం మీద అధికారం ఆ ప్రజలదే ఉండాలని 2019లో కేర్ సూత్రాలు అని ప్రపంచ ఆదివాసీ పరిశోధకులు రాసుకున్నారు. మనకు అంతదూరం పోనక్కరలేదు. ఆచారాన్నీ సంస్కృతినీ కాపాడుకునే అధికారాన్ని 1996 పెసా చట్టం గ్రామసభకు ఇచ్చింది. ఇసుకకూ గనికీ గ్రామసభ తీర్మానం అడుగుతున్నాం. అవ్వ మందుకూ, కులదేవత కథకూ కూడా అడగాలి. జీసీసీ ధరల పాఠానికి అక్కరలేదు, ఇప్పపువ్వు బోటనీకి అక్కరలేదు. ఏది సంతలో పెట్టేదో, ఏది ఇంట్లో ఉంచేదో మన ఊళ్లకు తెలుసు. కాలేజీయే ఆ తేడా నేర్చుకోవాలి.

చివరగా మన పుస్తకాల సంగతి. గిరిజన రచయితలం అయిదు వందలో వెయ్యో ప్రతులు వేస్తాం. ఆవిష్కరణ సభలో సగం పంచుతాం, మిగతావి ఇంట్లో అట్టపెట్టెల్లో ఉంటాయి. రెండో పేజీలో మాత్రం 'సర్వహక్కులు రచయితవి' అని ఉంటుంది, పెద్ద పబ్లిషర్ల పుస్తకాల్లో చూసి దించుకున్న వాక్యం. భద్రాచలంలో ఒక టీచరు ఆ కథను కోయలోకి మార్చి పుస్తకంగా పంచుదామనుకుంటే, ఆ వాక్యం చూసి ఆగిపోతాడు. హైమండార్ఫ్ పుస్తకం మీద మనకున్న ఫిర్యాదు అప్పుడు మన మీదకే వస్తుంది. డబ్బు రాని పుస్తకాన్ని ఎవరి నుంచి కాపాడుతున్నాం? కథలు, కవితలు, వ్యాసాలు రాసేవాళ్లందరూ ఒప్పుకోకపోవచ్చు, బలవంతం లేదు. ఒప్పుకున్నవాళ్ల రచనల కిందనైనా వచ్చే సంకలనం నుంచి ఒక్క వాక్యం వేయమని సంపాదకుల్ని అడుగుతున్నాను: 'రచయిత పేరు చెప్పి, అమ్ముకోకుండా, దీన్ని కాపీ చేసుకోవచ్చు, మీ భాషలోకి మార్చుకోవచ్చు, పాఠంగా చెప్పుకోవచ్చు.' ఈ వ్యాసం కింద ఇప్పుడే వేయవచ్చు.